మొదటి వేలిముద్ర

రోజంతా లేదనిపించుకోవడమే ఫరా ఉద్యోగం. వనపర్తి బస్టాండు వెనక రెండు గదుల ఆఫీసులో కూర్చుని, తనది కాని ఫైలును తెరవబోతుంది. కంప్యూటర్ 'మీకు అనుమతి లేదు' అంటుంది. అన్నదా, టిక్కు పెట్టి ఇంకో దారిన పోతుంది. ఫైలు పేరు మార్చి చూస్తుంది, వేరే ఫోల్డరులోకి లాగి చూస్తుంది, తెరిచి ఉన్న ప్రోగ్రాము చాటున దూరి చూస్తుంది. ఎక్కడో ఒకచోట అనుమతి లేకుండానే ఫైలు తెరుచుకుందంటే అది తప్పు. ఆ తప్పు పట్టినందుకే జీతం. ఆత్మకూరులో ఇంట్లో తల్లి షరీఫాబీకి ఈ పనేమిటో ఎన్నిసార్లు చెప్పినా ఎక్కలేదు. "పొద్దుందాంక మూసిన తలుపులు గుంజి చూసుడే గదా, దానికి బీటెక్ ఎందుకు" అంటుంది. ఆవిడ అన్నదాంట్లో పెద్ద తప్పేమీ లేదు.

ఫరా పనిచేసే హైదరాబాదు కంపెనీ కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఒకటి తయారు చేస్తోంది. ఒకే కంప్యూటరు మీద ఇంటిల్లిపాదీ పనిచేసుకునే చోట్ల కోసం. ఏ ఫైలు ఎవరు చూడొచ్చు, ఎవరు మార్చొచ్చు అనే పద్ధతిని పాతది పూర్తిగా పక్కనపెట్టి కొత్తగా రాశారు. పాస్‌వర్డులు లేవు. యంత్రానికి ఒక యజమాని ఉంటాడు. యజమాని వేలు పెడితే మిగతావాళ్లకు ఆ రోజుకు అనుమతి వస్తుంది. తెల్లారితే మళ్లీ పెట్టాలి. ఎప్పుడో ఎవరికో ఇచ్చి మరిచిపోయిన అనుమతి ఏళ్ల తరబడి పడి ఉండకూడదని ఈ ఏర్పాటు. ఆఫీసులో ఎన్ని విధాల గుంజినా ఊడలేదు. ఇక జనం మధ్య పెట్టి చూడమన్నారు. కోడేరులో ఒక ఎరువుల దుకాణం, లింగాలలో ఒక ఫొటో స్టూడియో, గద్వాలలో ఒక మగ్గం ఇల్లు. మూడూ ఫరాకే అప్పగించారు.

కోడేరు, లింగాల ఏ పేచీ లేకుండా అయిపోయాయి. సోమవారం పొద్దున ఆత్మకూరులో గద్వాల బస్సెక్కి, కంప్యూటరు డబ్బా ఒళ్లో పెట్టుకుని జూరాల కట్ట దాటింది. ఆ బస్సులో అంత పెద్ద డబ్బాతో కూర్చుంటే కండక్టరు ఊరుకోడు. ఏముంది, ఎవరికి, ఎంత బరువు అని ఆరా తీసి, చివరికి దానికి టికెట్టు కొట్టకుండా వదిలేశాడు.

ఆ ఇంట్లో ముందు గదంతా గుంట మగ్గమే. దాని మీద మల్లేశ్ నేస్తాడు. అతని భార్య సరోజ నేయదు, గీస్తుంది. అంచు మీద ఏ పువ్వు, కొంగు మీద ఏ వరస అన్నది కంప్యూటరులో చిన్న చిన్న గళ్లుగా నింపుతుంది. ఆ ఫైలు పట్టుకుపోతే బజారులో అట్టలు కొట్టిస్తారు. చిల్లులు పడిన ఆ అట్టల వరస మగ్గం మీదికెక్కితే ఏ పోగు లేవాలో అవే చెబుతాయి. సరోజ పాత కంప్యూటరు ఎండాకాలంలో కాలిపోయింది. అన్నేళ్లుగా గీసినవన్నీ ఒక్క పెన్‌డ్రైవ్‌లో మిగిలాయి. దాన్ని పుస్తెలతాడుకున్న పిన్నీసుకు తగిలించుకుని తిరుగుతోంది. అది కాలిపోయాక పక్కింట్లో కంప్యూటరు అడుక్కుని మరీ గీసిన జొన్నకంకి అంచు కూడా అందులోనే ఉంది. రాయచూరు వాళ్ల పెండ్లికూతురి చీరకు అది. పడుగు మగ్గం మీదికి ఎక్కింది, అట్టలు కొట్టించడమే తరువాయి.

"పైలంగ, చెల్లె. నా పానమంత గిండ్లనే ఉంది" అంటూ సరోజ పిన్నీసు విప్పి పెన్‌డ్రైవ్ ఫరా చేతిలో పెట్టింది.

ఫరా దాన్ని గుచ్చి, తెర వెలిగించి పక్కకు జరిగింది. ఈ పరీక్షకు ఒక నియమం ఉంది. ఇంట్లోవాళ్లు తమంతట తాము ఏం చేస్తారో చూడాలి తప్ప, నోరు విప్పకూడదు. తెర మీద ప్రశ్న వచ్చింది: 'ఈ యంత్రానికి యజమాని ఎవరు? వేలు పెట్టండి.'

సరోజ చదివింది. చదివి, తెర అంచుకు పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, ఒక కొబ్బరికాయ తెచ్చి, వెనక అర్రలోకి కేకేసింది. "మామా, జర రా. నువ్వు ముట్టాలె."

'నువ్వే పెట్టు' అన్న మాట ఫరాకు నోటిదాకా వచ్చింది. చెప్పాలా? చెప్పకూడదు. కంప్యూటరు మీద కూర్చునేది సరోజ, ఫైళ్లు సరోజవి. కానీ ఆ ఇంట్లో కొత్త పడుగు ఎక్కినా, కొత్త మోటారు బిగించినా, ఆఖరికి గ్యాసు పొయ్యి మార్చినా మొదట ముట్టేది మల్లేశ్ తండ్రి నాగన్నే. ఆత్మకూరులో తమ ఇంట్లో ఫ్రిజ్ కొన్నప్పుడు నానమ్మ చేత స్విచ్ వేయించలేదూ? ఆ సంగతి అప్పుడు గుర్తొచ్చి, ఫరా పెదవి కొరుక్కుని నిలబడింది.

నాగన్న వచ్చాడు. బక్కపలచని మనిషి, మగ్గం మీద వంగి వంగి వీపు అలాగే నిలిచిపోయింది. కాయ తనే కొట్టాడు. నీళ్లు కారిన బొటనవేలిని కోడలు చూపించినచోట గట్టిగా ఒత్తాడు. యంత్రం ఇంకోసారి, ఇంకోసారి అడిగి, తృప్తిపడి, సరోజ ఆయన పేరు కొట్టగానే 'నాగన్న గారికి స్వాగతం' అన్నది.

"నాకు చదువు రాదని దానికి తెల్వదు పాపం" అని ముసలాయన నవ్వాడు. అందరూ నవ్వారు. గుంటలో కూర్చున్న మల్లేశ్ కూడా నవ్వాడు. తరువాత తెర మీద కోడలి పేరు చూపిస్తే, అనుమతి ఇస్తూ ఇంకోసారి వేలు ఒత్తాడు. సరోజ ఫైళ్లు ఒక్కొక్కటే తెరిచి చూసుకుంది. సాయంత్రం దాకా ఏ ఇబ్బందీ రాలేదు. ఫరా నివేదికలో 'సరిగ్గా పనిచేసింది' అని రాసి బస్సెక్కింది. రాసిందే కానీ, దారి పొడుగునా ఆ కొబ్బరినీళ్ల వేలు ఆమెను స్థిమితంగా కూర్చోనివ్వలేదు.

మర్నాడు వనపర్తి ఆఫీసులో ఇంకా సీటులో సర్దుకోకముందే సరోజ ఫోన్ చేసింది. "ఫరా, మామ వేలు తీస్కుంట లేదు. పొద్దున్నుంచి పెడుతున్నడు. నన్నేమో లోపలికి రానిస్త లేదు."

ఫరా మళ్లీ గద్వాల చేరేసరికి నాగన్న కంప్యూటరు ముందు కుర్చీలో కూర్చుని, ఎవరో శిక్ష వేసినట్టు ఒక్కో వేలూ మార్చి మార్చి ఒత్తుతున్నాడు. ఎన్నో ఏళ్లు అంచులోని పట్టు పోగులను చీర నడుమ ఉండే నూలు పోగులతో అడ్డదారం పడినప్పుడల్లా పెనవేసిన బొటనవేలు అది. ఫరా దాన్ని వెలుతురుకు తిప్పి చూసింది. గీతలు లేవు. నున్నగా ఉంది. నిన్న కొబ్బరినీళ్లకు నాని, ఉబ్బి, ఏదో ముద్ర పడింది. ఇవాళ పొడిగా ఉంది. నీళ్లలో ముంచి పెట్టించింది. కొబ్బరినూనె రాయించింది. ఇంకో కాయ కొట్టి కూడా చూశారు. ప్రతిసారీ తెర అదే మాట అంటోంది: 'మీకు అనుమతి లేదు.'

"రేషన్ కాడ గూడ గిట్లనే జేస్తది బిడ్డా. వాళ్లు కండ్లు జూసి ఇస్తరు. దీనికి కండ్లు లెవ్వా?" అన్నాడు నాగన్న.

"లేవు తాతా."

ముసలాయన వేలు వంక చూసుకుని, పంచెకు తుడుచుకుని, చెయ్యి ఒళ్లోకి లాక్కున్నాడు. తన వల్ల కోడలి పని ఆగిందన్న సిగ్గు ఆయన ముఖంలో తెలిసిపోతోంది. ఫరాకు ఆ ముఖం చూడబుద్ధి కాలేదు. పెన్‌డ్రైవ్ తీసి తన ల్యాప్‌టాప్‌కు పెట్టింది. లాభం లేదు. నిన్న గుచ్చగానే కొత్త పద్ధతి దాన్ని కూడా తన కిందికి తీసుకుంది. అందులోని ప్రతి ఫైలుకూ యజమాని నాగన్నే. ఇక ఆ జొన్నకంకి లోకంలో ఇంకెక్కడా లేదు.

మల్లేశ్ గుంటలో దిగాడు, ఎక్కాడు. నాడె తీసి దారం చూశాడు, పెట్టాడు. అట్టలు లేకుండా పడుగు అలా బిగించి ఉంచితే పోగులు సాగుతాయి, ఆ కంగారు అతనిది. "రాయచూరోళ్లకు ఏం చెప్పాలె" అని ఎవరినీ చూడకుండా అన్నాడు. సరోజ వంటింటి గడపలో కూర్చుని వట్టి పిన్నీసును తెరుస్తూ మూస్తూ ఉంది.

ఇంతలో పక్క వాటా నుంచి తిరుపతి వచ్చాడు. మల్లేశ్‌కు అన్న. మాట మెత్తన, అడుగు మెత్తన. అతనివీ రెండు మగ్గాలున్నాయి గానీ ఈమధ్య వాటి మీద కన్నా పవర్‌లూమ్ వాళ్లతో ఫోను మీదే ఎక్కువ పని చేస్తున్నాడు.

"మేడం, నాయిన వేలు పని చెయ్యకపోతే ఎట్ల మరి? ఇంటికి పెద్దకొడుకును నేనున్న గదా. నా వేలు పెట్టియ్యండి, ఒడిసిపోతది. దినాం నేనే వచ్చి దానికి తెరిచి ఇస్త" అన్నాడు.

సరోజ తలెత్తింది. "దానికి" అంటే తనకే. "ఇస్తవ్ బావా. పవర్‌లూమ్ ఆయనకు గూడ ఇస్తవ్."

"ఇస్తే ఏమైతది? ఇంట్ల డిజైన్లు ఇంటికి అక్కరకు రావద్దా? అవి నీ ఒక్కదానివా?"

"గీసింది నేను."

"గీసింది నువ్వే. కాదంటున్ననా? కూసున్నది ఎవరి ఇంట్ల, తిన్నది ఎవరి తిండి?" తిరుపతి గొంతు పెంచలేదు. "నాయినా, నువ్వు చెప్పు."

నాగన్న లేచి వెనక అర్రలోకి పోయాడు. సరోజ భయమంతా ఏమిటో ఫరాకు అప్పుడు తెలిసింది. ఒక్కసారి ఆ ఫైళ్లు మరమగ్గం వాడి చేతిలో పడ్డాయంటే, మల్లేశ్ ఒక చీర దించే లోపల అదే అంచుతో అక్కడ గుట్టలు దిగుతాయి. రాయచూరు పిల్ల పెండ్లికి ముందే ఆమె అంచు సంతలో వేలాడుతుంది. ఆ తరువాత సరోజను డిజైను అడిగేవాళ్లు ఎవరూ ఉండరు.

ఫరా వాకిట్లోకి వచ్చి ప్రేమ్ కుమార్‌కు ఫోన్ చేసింది. ఈ కొత్త పద్ధతి రాసిన గుంపుకు అతనే పెద్ద. పుట్టింది నాగర్‌కర్నూల్‌లో, ఉండేది హైదరాబాదులో. మంచివాడే. మంచివాళ్లతోనే వాదించడం కష్టం.

"యజమాని వేలు పనిచేయకపోతే ఇంటి తర్వాతి పెద్దకు మార్చమని రూల్ రాసుకున్నం గదా, ఫరా. పెద్దకొడుకు ఉన్నడు, అడుగుతున్నడు. శుక్రవారానికి ఇక్కడ నా మెషీన్ నుంచే మార్చే ఏర్పాటు ఐతది. అప్పటిదాంక ఆగుమను."

"సార్, గీసింది సరోజక్క."

"గీసింది ఎవరో సిస్టమ్‌కి ఎట్ల తెలుస్తది? అన్నీ పెన్‌డ్రైవ్ నుంచి వచ్చినయ్. దానికి తెలిసింది మొదటి వేలు ఒక్కటే."

"నా దగ్గర తాళంచెవి ఉంది గదా."

తాళంచెవి అంటే ఇనుప ముక్క కాదు. ఫరా ల్యాప్‌టాప్‌లో ఉన్న ఒకే ఒక్క వరుస ఆజ్ఞ. తీగ కలిపి ఆ వరుస కొడితే, ఏ యంత్రమైనా ఏ వేలూ అడక్కుండా తెరుచుకుంటుంది. పరీక్షలు చేసేవాళ్ల సౌకర్యం కోసం పెట్టుకున్నారు.

"అది ఆఫీసు లోపలికి. జనం ఇండ్లల్ల వాడితె టెస్టంతా ఖరాబైతది. వద్దు" అన్నాడు ప్రేమ్ కుమార్.

బుధవారమంతా ఫరా వనపర్తిలో సీటు మీద కూర్చోలేకపోయింది. కొత్తగా వచ్చిన పరీక్షలు చేయబోయి, చేసినవే మళ్లీ చేసింది. టీకి దిగి, టీ తాగకుండా పైకొచ్చింది. నోరు విప్పకూడదన్న నియమం ఎవరు పెట్టారు? ఎవరో పెట్టారు, తను పాటించింది. సోమవారం ఒక్క మాట, 'అక్కా, నువ్వే పెట్టు' అని ఉంటే ఈ గోల ఉండేది కాదు. శుక్రవారం తిరుపతి వేలు పడుతుంది. తెరుస్తాడు. ఇంటికొచ్చాక తల్లి రొట్టె పెడితే తుంచి తుంచి పళ్లెంలోనే ఉంచింది. "ఏ తలుపు తెరుచుకోలేదు?" అని షరీఫాబీ అడిగింది. "ఒకటి" అని చెప్పి లేచిపోయింది.

గురువారం సెలవు పెట్టి గద్వాల బస్సెక్కింది.

ఇంట్లో సరోజ, మల్లేశ్ మాత్రమే ఉన్నారు. తిరుపతి తండ్రిని తీసుకుని కండ్ల దవాఖానకు పోయాడట. ఫరా ఎక్కువ మాట్లాడలేదు. సంచిలోంచి ల్యాప్‌టాప్ తీసింది, తీగ కలిపింది, ఆ ఒక్క వరుస కొట్టింది. కొత్త యంత్రం ఏ వేలూ అడగలేదు. పెన్‌డ్రైవ్ మీద, లోపల డిస్కు మీద, ప్రతి ఫైలు పక్కనా ఉన్న నాగన్న పేరు పోయి సరోజ పేరు వచ్చింది.

"అక్కా, చూడు."

సరోజ వచ్చి కుర్చీలో కూర్చుంది. జొన్నకంకి అంచు తెరిచింది. గింజలు గింజలుగా, పసుపు మీద ఎరుపు, తెర నిండా పరుచుకుంది. "ఒచ్చింది" అని మల్లేశ్ వైపు తిరిగి అన్నది. మల్లేశ్ గుంటలోంచి పైకి లేచి, తడి కండ్లతో చూసి, మళ్లీ కూర్చున్నాడు.

సరోజ ఇంకో ఫైలు తెరవబోయి ఆగింది. చెయ్యి అలాగే ఉంచి, ఆ తీగను చూసింది. తీగ వెంబడి ఫరా ల్యాప్‌టాప్ దాకా చూసింది.

"గిది నీ కాడ ఎప్పటి సంది ఉంది?"

"మొదటి నుంచి ఉంది అక్కా."

"మరి మంగళారం ఎందుకు తియ్యలే?"

"తియ్యొద్దన్నరు."

"తియ్యొద్దంటె ఆగినవ్. తియ్యాలనిపిస్తె తీసినవ్."

"నీ కోసమే గదా అక్కా."

"నా కోసమే. కాదంటలేను." సరోజ గొంతులో కోపం లేదు, అదే ఇంకా ఇబ్బందిగా ఉంది. "గీ మూడు దినాలు మా బావ దీని చుట్టు తిరిగిండు. తన వేలు పెట్టిండు, ఆయన కొడుకు వేలు పెట్టిచ్చిండు. బజార్ల కంప్యూటర్ బాగుజేసెటోన్ని గూడ తోలుకొచ్చిండు. తెరుచుకోలే. ఏడుస్తనే ఉన్న గని, లోపల్లోపల ఒక ధీమా ఉండె నాకు. నాకు రాకుంటె రాకపాయె, ఆయనకు గూడ రాదు అని. ఇప్పుడు గా ధీమా పాయె, ఫరా."

"నేను ఆయనకు ఇయ్య."

"నువ్వు ఇయ్యవు. ఇయ్యాల నువ్వు నా దిక్కున్నవ్, నాకిచ్చినవ్. రేపు ఆయన దిక్కుండెటోళ్లు నీ కుర్సీల కూసుంటె?"

బయట మేకలు పోతున్నాయి. వాటి చప్పుడు పోయాక సరోజ అలమరలోంచి ఇంకో పెన్‌డ్రైవ్ తెచ్చింది, మామూలుది, ఏ పద్ధతీ ఎక్కనిది. ఫరా ల్యాప్‌టాప్ మీదుగా దానిలోకి అన్నీ ఎక్కించమంది. ఎక్కించాక పిన్నీసుకు గుచ్చుకుని, "ఇగ గీ డబ్బల, గా పాత పెన్‌డ్రైవ్‌ల ఉన్నది మొత్తం తుడిచెయ్యి" అన్నది.

"ఖాళీ చేయాల్నా?"

"చెయ్యి. నేను పక్కింట్లనే గీసుకుంట."

ఫరా తుడిచింది. ఏడుపొచ్చినంత పనైంది ఆమెకు. ఉద్యోగం పోయినా పోనీ అనుకుని వచ్చి తెరిచిపెడితే, దక్కింది ఈ మాట. బస్సులో కిటికీ పక్కన కూర్చుని సరోజ మీద కోపం తెచ్చుకుంది. మంచి చేసినవాళ్లను ఎవరైనా ఇలా అడుగుతారా? కోపం జూరాల కట్ట దాకా బాగానే నడిచింది. అక్కడ చేపలు వేయించే వాసనకు బస్సులో సగం మంది దిగి, పొట్లాలు కట్టించుకుని ఎక్కేదాకా ఆగాల్సి వచ్చింది. ఆగినప్పుడు కోపం నిలవలేదు. అనుమతి లేకుండా ఫైలు తెరుచుకుంటే అది తప్పు. ఆ తప్పు పట్టడానికే తనకు జీతం. ఇన్ని నెలలుగా ప్రతి తలుపూ గుంజి చూసింది గానీ, తన చేతిలో ఉన్నదాన్ని ఒక్కసారి కూడా తలుపుగా లెక్కపెట్టలేదు. ఆఫీసులో ఎవరూ పెట్టలేదు. తనను ఎవరైనా అనుమానిస్తారని తనకే తోచలేదు. తను మంచిది కదా మరి.

శుక్రవారం పొద్దున్నే, ప్రేమ్ కుమార్ ఆ ఏర్పాటు ఏదో చేయకముందే, రెండు తప్పులు రాసి పంపింది. మొదటిది: మొదట వేలు పెట్టినవాళ్లే అన్నిటికీ యజమాని అన్న లెక్క మన ఇండ్లల్లో చెల్లదు. మన దగ్గర మొదటి చెయ్యి మర్యాద కోసం వేయిస్తారు, హక్కు కోసం కాదు. రెండోది: పరీక్ష చేసేవాళ్ల తాళంచెవితో ఎవరి ఫైలైనా వాళ్లను అడక్కుండా తెరవొచ్చు. ఎలా తెలిసింది అన్నచోట, 'గద్వాలలో నేనే తెరిచాను' అని రాసింది.

ప్రేమ్ కుమార్ వెంటనే ఫోన్ చేశాడు. అరవలేదు. అరిస్తే బాగుండేది.

"వద్దని చెప్పిన గదా ఫరా."

"చెప్పిన్రు సార్."

"మళ్ల అదే తప్పని నువ్వే రాస్తివి. ఒక సంగతి చెప్పనా? ఈ తాళం తీసేయాల్నంటే చిన్న పని. కాని తీసేస్తే ఊళ్లల్ల తిరగనీకి మనిషి ఎందుకు? ఎక్కడన్నా ఇరుక్కుంటే పోయి తెరిచిపెట్టుడే గదా నీ పోస్టు."

"తెలుసు సార్."

"తెలిసే రాసినవా?"

"ఆ."

కుర్చీ కిర్రుమన్న చప్పుడు వినిపించింది. అతను వేరే గొంతుతో అన్నాడు. "మా నాగర్‌కర్నూల్ ఇంట్ల ఇన్వర్టర్ తెచ్చినప్పుడు మా నాయిన చేతనే వేయించిన. ఈ రూల్ రాసింది నేనే. మా టీమ్‌ల ఒక్కనికి గూడ గుర్తు రాలే చూడు."

ఆదివారం కల్లా కొత్త కూర్పు వచ్చింది. తాళంచెవీ, దూరం నుంచి యజమానిని మార్చే ఏర్పాటూ రెండూ అందులో లేవు. దాని వెంట ఇంకో కబురు కూడా వచ్చింది. ఈ నెలాఖరుకు ఊళ్లు తిరిగే ఉద్యోగం తీసేస్తున్నారు. హైదరాబాదులో ఏదైనా ఉంటే చెబుతామన్నారు. ఉంటే అన్న మాటకు అర్థం ఏమిటో ఫరాకు తెలుసు. తల్లికి ఇంకా చెప్పలేదు.

మరుసటి వారం మళ్లీ గద్వాల. ముందు గదిలో మగ్గం ఆడుతోంది. అట్టలు పైన ఒకదాని వెనక ఒకటి తిరుగుతున్నాయి. జొన్నకంకి అంచు అప్పుడే జానెడు దిగింది. కంప్యూటరు మీద మాత్రం గుడ్డ కప్పి ఉంది. తిరుపతి ఇంట్లోనే ఉన్నాడు. యంత్రంలో ఏమీ లేదని తెలిసిననాటి నుంచి తమ్ముడితో మాటల్లేవట. అయినా కంపెనీ మేడం వచ్చిందని తెలిసి గడప దగ్గర నిలబడ్డాడు. నాగన్న గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

ఫరా కొత్త కూర్పు ఎక్కించింది. సరోజ మళ్లీ పసుపు రాసింది, కాయ తెచ్చింది. ఇప్పుడు యంత్రం యజమాని ఎవరని అడగలేదు. 'మొదలు పెట్టేది ఎవరు?' అన్నది. దానికి వేలిముద్ర అక్కర్లేదు, చెయ్యి ఆనిస్తే చాలు. నాగన్న వెనకా ముందూ ఆడాడు. "నా వేలొద్దు బిడ్డా, మళ్ల పరేషాన్ జేస్తది" అన్నాడు.

"ముట్టు మామా. నువ్వు ముట్టంది నేను కూసోను" అన్నది సరోజ. ఆయన కాయ కొట్టి, తెర మీద అరచెయ్యి ఆనించి తీశాడు. యంత్రం వెలిగింది. తరువాత, 'ఈ ఫైళ్లు తయారుచేసింది ఎవరు?' అని అడిగింది. సరోజ తన బొటనవేలు ఒత్తింది.

పిన్నీసుకున్న పెన్‌డ్రైవ్ మాత్రం తియ్యలేదు. ఉత్తగా ఒక చిన్న బుటా పువ్వు అక్కడికక్కడ గీసి, దాచి, కుర్చీలోంచి లేచి ఫరాకు చోటిచ్చింది.

"ఇప్పుడు నువ్వు తెరువు."

ఫరా కూర్చుంది. తీగ కలిపింది. ఆ పాత వరుస కొట్టింది. తెర ఎర్రబడింది. సరోజ వంగి, ఒక్కో అక్షరం కూడబలుక్కున్నట్టు పైకి చదివింది. "మీకు అనుమతి లేదు."

"ఇంకో తీరుగ చెయ్యి."

ఫరా ఇంకో తీరుగా చేసింది. ఫైలు పేరు మార్చబోయింది. డిస్కు విప్పి తన ల్యాప్‌టాప్‌కు తగిలించింది. ఇన్ని నెలల్లో నేర్చిన ఒక్కో దారీ, ఏదీ దాచుకోకుండా, ఆ ఇంటివాళ్ల కండ్ల ముందు తిరిగింది. నుదుట చెమట పట్టింది. ఆఫీసులో ఎప్పుడూ ఇంత గట్టిగా గుంజలేదు. తెరుచుకుంటుందేమోనని భయం వేసింది, తెరుచుకోవద్దని మనసు కొట్టుకుంది. ప్రతిసారీ అదే మాట వచ్చింది, ప్రతిసారీ సరోజ పైకి చదివింది. మల్లేశ్ మగ్గం ఆపి వింటున్నాడు.

"అక్కా, ఒక్కటి చెబుత. నీ వేలు గూడ తాత వేలు లెక్క అరిగిందనుకో, ఇగ నేను తెరిచి ఇయ్యలేను. ఎవ్వరు ఇయ్యలేరు."

"అరిగితె మళ్ల గీస్త. చెయ్యి ఉంటది గదా."

గడప దగ్గర తిరుపతి చాలాసేపు తెర వైపు చూశాడు. "వీళ్లు జేసిన డబ్బ వీళ్లకే తెరుచుకుంట లేదు. ఇగ మనకేం తెరుచుకుంటది" అని ఎవరికీ కాకుండా అన్నాడు. చెప్పులు తొడుక్కుని పక్క వాటాలోకి పోయాడు. కాసేపటికి అటునుంచి చాన్నాళ్ల తరువాత మగ్గం చప్పుడు వినిపించింది.

సరోజ అప్పుడు పిన్నీసు విప్పింది. పెన్‌డ్రైవ్ తీసి, తన చేత్తోనే యంత్రానికి గుచ్చి, ఫైళ్లు ఒక్కొక్కటే లోపలికి ఎక్కించింది. అయిపోయాక వంటింట్లోకి పోయి జొన్నరొట్టె, వంకాయ కూర పళ్లెంలో పెట్టి తెచ్చింది.

"పొద్దున్నుంచి ఏం తిన్నట్టు లేవు. తిను" అన్నది. "మళ్ల ఎప్పుడొస్తవ్?"

"ఇగ నాతోటి పనుండదు అక్కా."

సరోజ ఆమెనే చూస్తూ నిలబడింది. "పనుంటెనే రావాల్నా?" అని, ఇంకో రొట్టె వేసింది. ఫరా ఎడమచేత్తో పరీక్షల పట్టీ తెరిచి, ఆఖరి గడిలో టిక్కు పెట్టింది. తరువాత కుడిచేత్తో రొట్టె తుంచింది.